అందరూ "సరే సార్" అన్నారు, రాత్రి ఒక్కరూ ఫోన్ చేయలేదు

మూడో_షిఫ్టు
విశాఖ దగ్గర ఒక మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగం చూస్తాను. మూడు షిఫ్టుల్లో కలిపి నా కింద 26 మంది: కెమిస్టులు, ఆపరేటర్లు, హెల్పర్లు. పోయిన గురువారం జరిగింది చెబుతాను. లోపం ఎక్కడుందో మీరు చెప్పండి.

రియాక్టరును, అంటే ముడిసరుకులు కలిపే పెద్ద పాత్రను, 5 డిగ్రీలకు దించి, ఆ చలిలోనే రెండో ముడిసరుకును చుక్కచుక్కగా కలపాలి. అంతవరకు మొదటి సరుకు ఎక్కువసేపు నిలవ ఉండకూడదు, మలినాలు పెరుగుతాయి. రాత్రి షిఫ్టు ఎక్కగానే అందరినీ నిలబెట్టి ఇదంతా చెప్పాను. "అర్థమైందా?" అన్నాను. "సరే సార్" అన్నారు. "ఏదైనా తేడా వస్తే ఏ వేళైనా ఫోన్ చేయండి" అన్నాను. మళ్లీ "సరే సార్".

ఒంటిగంటకు చిల్లర్, అంటే చల్లబరిచే యంత్రం, మొరాయించింది. రియాక్టరును చల్లబరిచే ఉప్పునీళ్లు, మేం బ్రైన్ అంటాం, చల్లబడలేదు. రియాక్టరు 14 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. తెల్లవారి 6 దాకా ఎవరూ ఫోన్ చేయలేదు. "దిగుతుందేమోనని చూశాను సార్" అంటాడు షిఫ్టు కెమిస్టు. అయిదు గంటలు చూశాడు. మలినం హద్దు దాటింది, బ్యాచ్‌ను నాణ్యతా విభాగం ఆపేసింది, పైవాళ్ల చీవాట్లు నాకు పడ్డాయి.

ఫోన్ నా దిండు పక్కనే ఉంది. నేను తెలుగులోనే చెప్పాను, స్పష్టంగానే చెప్పాను. ఇంకెలా చెప్పాలి?

నల్లరేగడి
ఆ కెమిస్టుకు అనుభవం ఎంత?

మూడో_షిఫ్టు
రెండేళ్లు దాటింది. పని బాగా వచ్చినవాడే. అందుకే ఎక్కువ బాధగా ఉంది.

హద్దురాయి
ఇందులో తర్జనభర్జన ఏముంది? ఫోన్ చేయమన్నారు, చేయలేదు. మెమో ఇవ్వండి. సిమెంటు ఫ్యాక్టరీలో 22 ఏళ్లు షిఫ్టులు నడిపాను. ఒకసారి చూసీచూడనట్టు పోతే రెండోసారి పదిమంది అదే చేస్తారు.

కొత్తచిగురు
మూడో_షిఫ్టు గారూ, నేనూ కెమిస్టునే, వేరే కంపెనీలో. చేరి రెండేళ్లు కాలేదు. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంతకుముందు ఎప్పుడైనా ఎవరైనా మీకు అర్ధరాత్రి ఫోన్ చేశారా? చేస్తే మీరేమన్నారు?

పెళ్లివంట
మాది వంటల కాంట్రాక్టు. ఫ్యాక్టరీ సంగతులు తెలియవు గానీ "సరే" సంగతి తెలుసు.

ఎనిమిదేళ్ల కిందట తణుకు దగ్గర పెళ్లి, 900 ఆకులు. సాంబారు డేగిసా దగ్గర ఉన్న అబ్బాయితో "ఉప్పు చూసుకో" అని చెప్పి వెళ్లాను. "సరే" అన్నాడు. చూసుకో అంటే వేయమని అతను అనుకున్నాడు, వేశాడు. అరగంటకు మా తమ్ముడు అటు వచ్చి, అన్నయ్య ఇంకా ఉప్పు వేసి ఉండడని తనూ వేశాడు. నేను వచ్చి మూడోసారి వేశాను. ఆడపెళ్లివారి పెద్దాయన మొదటి పంక్తిలోనే కూర్చున్నారు.

అప్పటినుంచి మా దగ్గర ఒకటే పద్ధతి. ఏ గిన్నెలో ఉప్పు వేసినా, వేసినవాడు గిన్నె పేరు చెప్పి గట్టిగా అరవాలి: "సాంబారులో ఉప్పు పడింది!" పక్క పొయ్యి దగ్గరివాడు తిరిగి అరవాలి: "సాంబారులో పడింది!" పెళ్లివాళ్లు మొదట బెదిరిపోతారు, తర్వాత పిల్లలు కూడా మాతో కలిసి అరుస్తారు. మళ్లీ ఎప్పుడూ రెండుసార్లు పడలేదు.

నల్లరేగడి
పెళ్లివంట గారూ, మా చెల్లెలి పెళ్లి మాఘమాసంలో ఉంది. మీ ఫోన్ నంబరు విడిగా పంపండి.

పట్టాలమీద
మేం రైల్లో చేసేది అచ్చంగా ఇదే. లోకో పైలట్‌గా పనిచేస్తున్నాను. ముందు సిగ్నల్ కనబడగానే నేనూ నా సహాయకుడూ దాని రంగును పైకి చెప్పుకోవాలి, చేత్తో చూపిస్తూ. ఒకరు చెబితే రెండోవారు మళ్లీ చెప్పాలి. కళ్లెదుట పచ్చగా వెలుగుతున్నదాన్ని మళ్లీ నోటితో చెప్పడమెందుకని కొత్తగా చేరినవారు సిగ్గుపడతారు. తెల్లవారుజామున మూడు గంటలకు, వరుసగా రెండో రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు తెలుస్తుంది ఎందుకో. కన్ను చూస్తుంది, మనసు ఎక్కడో ఉంటుంది. నోరు తెరిస్తేనే మనసు వెనక్కి వస్తుంది.

స్టేషన్ మాస్టరూ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరి ఉద్యోగీ ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు కూడా "గేటు వేశాను" అన్న మాట ఒక్కటే చాలదు. ప్రైవేటు నంబరు, అంటే ఆ మాటకు రుజువుగా ఇచ్చే రహస్య అంకె, చెప్పాలి, దాన్ని రిజిస్టరులో రాసుకోవాలి. ఆ నంబరు వచ్చాకే మాట ఖాయం.

మీ "అర్థమైందా?" అనే ప్రశ్నకు "అర్థం కాలేదు" అని చెప్పే మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆ ప్రశ్న మానేయండి. "ఇప్పుడు ఏం చేయబోతున్నావో నాకు చెప్పు" అనండి.

తెల్లకోటు
నర్సుగా 14 ఏళ్లు. మీ కెమిస్టు మనసులో ఒంటిగంట నుంచి ఆరింటిదాకా ఏం జరిగిందో నేను చెప్పగలను, నేను అక్కడ నిలబడ్డాను కాబట్టి.

రోగి బీపీ కొంచెం తగ్గింది. డాక్టరుగారికి ఫోన్ చేయాలా? చేస్తే, ఇంతలో మళ్లీ పెరిగితే నేను తెలివితక్కువదాన్ని అవుతాను. పది నిమిషాలు చూద్దాం. పది నిమిషాల తర్వాత ఇంకొంచెం తగ్గింది. ఇప్పుడు చేస్తే "ఇందాకే ఎందుకు చేయలేదు?" అంటారు. ఇంకో పది నిమిషాలు చూద్దాం. ఇలా ప్రతి పది నిమిషాలకూ ఫోన్ ఇంకా బరువెక్కుతుంది. ఆలస్యం చేశామని తెలిసేకొద్దీ చెప్పడం మరింత కష్టమవుతుంది. మీరు బద్ధకం అనుకుంటున్నది ఇదే కావచ్చు.

మా వార్డులో దీన్ని రెండు విధాలుగా సరిచేసుకున్నాం. మొదటిది, "తేడా వస్తే ఫోన్ చేయండి" అన్న మాట తీసేశాం. తేడా అంటే ఎంత? పై బీపీ 90 కంటే తగ్గినా, ఆక్సిజన్ 90 శాతం దిగినా ఫోన్ చేయాల్సిందేనని గోడమీద రాసి ఉంది. ఆ అంకె రాగానే నా ఆలోచనతో పని లేదు. డాక్టరుగారు విసుక్కుంటే ఆ గోడను విసుక్కోవాలి, నన్ను కాదు.

రెండోది, చెప్పే వరుస. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, అంతకుముందు ఏం జరిగింది, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఈ నాలుగూ కాగితంమీద రాసుకుని ఫోన్ ఎత్తుతాం. ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిందని మా శిక్షణలో చెప్పారు. నాలుగోదే కష్టం. "మీరు వచ్చి చూడాలి డాక్టరుగారూ" అని నర్సు నోటితో అనడానికి నాకు మూడేళ్లు పట్టింది.

హద్దురాయి
తెల్లకోటు గారు చెప్పింది బాగుంది, కాదనను. కానీ అన్నింటికీ భయమనే పేరు పెట్టవద్దు. రాత్రి షిఫ్టులో కుర్చీ వాల్చుకుని నిద్రపోయి, తెల్లవారి "చూస్తున్నాను సార్" అన్నవాళ్లను నా చేతులతో లేపాను. అయిదు గంటలు చూశాడా, పడుకున్నాడా? లాగ్‌బుక్ చూశారా?

మూడో_షిఫ్టు
చూశాను. ప్రతి అరగంటకూ ఉష్ణోగ్రత రాశాడు. 14, 14, 13.5, 14... అన్నీ ఉన్నాయి. రికార్డరులో నమోదైన వాటితో సరిపోయాయి. నిద్రపోలేదు.

హద్దురాయి
అయితే మెమో మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాసినవాడు దాచలేదు.

కరెంటాయన
విద్యుత్తు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మాకు నోటిమాట తప్పిపోతే బ్యాచ్ పోదు, మనిషి పోతాడు.

తీగమీద పనిచేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్), అంటే ఆ లైనులో కరెంటు ఆపారన్న అనుమతి, తీసుకోవాలి. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే కరెంటు లైను) పేరు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, అన్నీ రిజిస్టరులో రాయాలి. తీసుకున్నవారే పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఇదంతా కాగితంమీద. మా సెక్షనులో రెండు ఫీడర్లు ఉండేవి, పేర్లలో ఒక్క అక్షరమే తేడా. వానలో ఫోన్లో ఒకటి చెబితే అవతల రెండోది వినబడింది. స్తంభం ఎక్కినవాడు ఎర్తు రాడ్డు, అంటే తీగలో కరెంటు ఉన్నా భూమిలోకి పోయేలా తగిలించే కడ్డీ, వేయకుండా చెయ్యి పెట్టాడు, ఎందుకంటే "ఆపేశాం" అని విన్నాడు. ప్రాణం దక్కింది, రెండు వేళ్లు పోయాయి. ఆ ఫోన్ చేసింది నేనే. ఆ తర్వాత నా సర్వీసంతా ఫీడరు పేరూ నంబరూ రెండూ చెప్పి, అవతలివారి చేత మళ్లీ చెప్పించుకోనిదే ఫోన్ పెట్టలేదు. విసుక్కునేవారు. విసుక్కోనిమ్మనేవాణ్ని.

మూడో_షిఫ్టు గారూ, మీరు చెప్పిన విధానంలో "ఆపేశాం" ఉంది, రాడ్డు లేదు.

రమ_మాదాపూర్
కరెంటాయన గారూ, చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాది సాఫ్ట్‌వేర్. ఎవరి ప్రాణమూ పోదు గానీ జబ్బు మాత్రం ఇదే. మా బృందంలో సగం ఇళ్లనుంచి పనిచేస్తారు. నేను గ్రూపులో పది వాక్యాలు రాస్తే ఎనిమిది బొటనవేళ్లు వస్తాయి. ఆ బొటనవేలు "చదివాను" అనా, "ఒప్పుకున్నాను" అనా, "చేస్తాను" అనా? ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఇప్పుడు బొటనవేలు వద్దన్నాను. "బుధవారం సాయంత్రానికి ఇది నేను ఇస్తాను" అని వాక్యం రాయాలి. వాక్యం రాయడానికి చెయ్యి రాకపోతే అక్కడే అనుమానం ఉన్నట్టు.

వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా 20 నిమిషాలు మాట్లాడతాను. మొదట్లో "పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగేదాన్ని. "అవుతోంది మేడమ్" తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు "నీకు ఏది అడ్డుపడుతోంది?" అని అడుగుతున్నాను. మూడు నెలలు దానికీ జవాబు రాలేదు. చివరికి ఒక అమ్మాయి, రాత్రి తొమ్మిదింటి అమెరికా కాల్ వల్ల పిల్లను నిద్రపుచ్చలేకపోతున్నానని చెప్పింది. ఆ వారమే కాల్ ఏడున్నరకు జరిపించాను. ఆ తర్వాతి వారం నలుగురు నోరు విప్పారు. అంతకుముందు నేనెంత ఆప్యాయంగా అడిగినా రాని మాటలు ఒక కాల్ వేళ మారేసరికి వచ్చాయి.

కొత్తచిగురు
రమ గారూ, వారానికోసారి విడిగా మాట్లాడటం కొన్నిచోట్ల ఇంకా భయపెడుతుంది. మా దగ్గర లోపలికి పిలిచారంటే తిట్టడానికేనని అందరికీ తెలుసు. బయటికి వచ్చిన మనిషి ముఖం చూసి మిగతావాళ్లం ఊహించుకుంటాం.

మూడో_షిఫ్టు గారు నా ప్రశ్నకు ఇంకా సమాధానం చెప్పలేదు.

మూడో_షిఫ్టు
మీ ప్రశ్న పొద్దునే చదివాను. రోజంతా వెంటాడింది.

చేశారు. సంక్రాంతి ముందు వారం. వేరే కెమిస్టు, రాత్రి రెండింటికి. పంపు సీలు కారుతోందన్నాడు. "దీనికి కూడా నన్ను లేపాలా? నువ్వక్కడ ఉన్నది దేనికి?" అన్నాను. అంతటితో ఆగలేదు. మర్నాడు అందరి ముందు ఆ మాట మళ్లీ ఎత్తాను. అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు. మొన్న రాత్రి డ్యూటీలో ఉన్నవాడు అతడు కాదు. కానీ ఆ రోజు నవ్వినవాళ్లలో ఇతడున్నాడు.

ఇది నాకు గుర్తు కూడా లేదు. మీరు అడిగితే గుర్తొచ్చింది. వాళ్లకు మాత్రం రోజూ గుర్తుండి ఉంటుంది.

కొత్తచిగురు
ఇది ఇక్కడ రాసినందుకు ధన్యవాదాలు. మా సారు కూడా ఇలా రాస్తే బాగుండును.

గగనం
శంషాబాద్‌లో విమానాల మరమ్మతు ఇంజనీరుగా పనిచేస్తాను. ఈ "సరే" అన్న మాట గురించి మా రంగంలో ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్పే ఉదంతం ఒకటి ఉంది.

1977 మార్చి 27, కానరీ దీవుల్లోని టెనెరిఫె. పొగమంచు. ఒకే రన్‌వేమీద రెండు బోయింగ్ 747లు, ఒకటి డచ్ సంస్థ కేఎల్ఎంది, రెండోది అమెరికా సంస్థ పాన్ యామ్‌ది. ఎగరడానికి కేఎల్ఎం విమానానికి అనుమతి రాలేదు. తాము కదులుతున్నట్టు రేడియోలో వాళ్లు చెప్పిన మాట స్పష్టంగా లేదు. టవర్ నుంచి వచ్చిన జవాబులో మొదటి మాట "ఓకే". ఆ తర్వాత ఆగమని చెప్పిన మాటలు, అదే క్షణంలో పాన్ యామ్ పైలట్లు కూడా మాట్లాడటంతో రొదలో కలిసిపోయాయి. కేఎల్ఎం విమానంలో వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. పాన్ యామ్ ఇంకా రన్‌వేమీదే ఉందేమో అని అడిగాడు కూడా. కెప్టెన్ ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. లేదు, వెళ్లిపోయిందని గట్టిగా అన్నాడు. ఇంజనీరు రెండోసారి అడగలేదు. 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత రేడియో భాషనే మార్చారు. "టేకాఫ్" అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడరు. అనుమతిని విన్నవాళ్లు పూర్తిగా తిరిగి చెప్పాలి, వట్టి "ఓకే" చెల్లదు. కింది స్థాయివారు ఎలా గట్టిగా అభ్యంతరం చెప్పాలో, కెప్టెన్ దాన్ని ఎలా వినాలో శిక్షణ ఇవ్వడం కూడా ఆ రోజుల ప్రమాదాల తర్వాతే మొదలైంది. 1979లో నాసా ఇందుకోసం సదస్సు పెట్టింది, 1981 నుంచి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు నేర్పడం మొదలుపెట్టింది.

నాకు ఎప్పుడూ గుచ్చుకునేది ఆ రెండోసారి అడగకపోవడమే. అడిగిన మనిషికి అనుభవం తక్కువేమీ కాదు. ఆ గొంతు విన్నాక మళ్లీ అడగలేకపోయాడు.

నల్లరేగడి
583. ఒక "ఓకే" దగ్గర.

హద్దురాయి
గగనం గారూ, దాన్ని "ఓకే" మీదకు నెట్టడం పూర్తిగా సరికాదు. పొగమంచు ఉంది, వేరే విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నీ అక్కడికి మళ్లించారు, సిబ్బంది పనివేళలు దాటిపోతున్నాయి. అన్నీ కలిశాయి.

గగనం
నిజమే, అన్నీ కలిశాయి. అన్నీ కలిసినప్పుడు చివరగా మిగిలింది ఆ ఒక్క ప్రశ్న. అందుకే దాని గురించి మాట్లాడతాం.

సరిహద్దు_ఇచ్ఛాపురం
మొదటి టపాలో "నేను తెలుగులోనే చెప్పాను" అన్నారు. మీ ఆపరేటర్లు ఎవరు? మా ఊరి అవతలే ఒడిశా. మీ వైపు ఫ్యాక్టరీలకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది గంజాం వాళ్లు. వాళ్లు మొదట నేర్చుకునే తెలుగు మాట "సరే సార్". చాలాకాలం దానితోనే నెట్టుకొస్తారు.

మూడో_షిఫ్టు
26 మందిలో 9 మంది ఒడిశా, బిహార్ వాళ్లు. చిల్లర్ దగ్గర ఆ రాత్రి ఉన్నది గంజాం అబ్బాయే. అతనితో నేను మాట్లాడలేదు. కెమిస్టుతో మాట్లాడితే చాలనుకున్నాను.

సరిహద్దు_ఇచ్ఛాపురం
మాట్లాడండి. చిల్లర్ చప్పుడు మారడం ముందు వినేది ఆ పక్కన నిలబడినవాడే.

డెట్రాయిట్_దీపం
మిషిగన్‌లో కార్ల విడిభాగాల కర్మాగారంలో ఉంటాను. మా దగ్గర ప్రతి మనిషి తలమీద ఒక తాడు వేలాడుతుంది. ఆండన్ తాడు, టయోటా నుంచి వచ్చిన పద్ధతి. ఏ చిన్న అనుమానం వచ్చినా కార్మికుడు తాడు లాగాలి. దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, బృందం పెద్ద పరుగున వస్తాడు. లైను కదిలి ఒక గీత దాటేలోపు ఇద్దరూ సరిచేయగలిగితే సరి, లేకపోతే లైను ఆగుతుంది.

తాడు ఎవరైనా కడతారు. వచ్చిన పెద్ద నోట మొదట ఏ మాట వస్తుందనేదే అసలు సంగతి. మా దగ్గర మొదటి మాట "లాగినందుకు థ్యాంక్స్". తప్పుగా లాగినా అదే మాట. నేను బృందం పెద్దగా శిక్షణ తీసుకున్నప్పుడు రెండు రోజులు ఆ ఒక్క మాటే అభ్యాసం చేయించారు, విసుగు ముఖంలో కూడా కనబడకూడదని.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. టయోటా కార్ల కంటే ముందు మగ్గాలు. సకిచి టయోడా చేసిన మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగిపోయేది. మాది చీరాల, తాతయ్య మగ్గం నేసేవారు. పోగు తెగితే ఆపి, ముడి వేసి, అప్పుడే ముందుకు వెళ్లేవారు. ఆపకుండా నేసిన చీరను కొనేవాళ్లు ఎక్కడో చోట పట్టేస్తారనేవారు.

పాతగుమాస్తా
ఇంతమంది కిందివాళ్ల గురించి రాశారు, నేను పైవాళ్ల గురించి రాస్తాను. ప్రభుత్వ కార్యాలయంలో 34 ఏళ్లు, ఎందరో అధికారులను చూశాను.

మన శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది, రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. పత్రికలవాళ్ల ముందు కూర్చుని ఆ వైఫల్యాన్ని తనమీద వేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధవన్. తన బృందంమీద నమ్మకముందని అక్కడే చెప్పారు. 1980 జూలై 18న రెండో ప్రయోగం గెలిచింది. అప్పుడు పత్రికలవాళ్లతో మాట్లాడమని కలాంనే పంపారు. కలాం దీన్ని జీవితాంతం చెబుతూ వచ్చారు.

మూడో_షిఫ్టు, మీకు పైనుంచి చీవాట్లు పడ్డాయన్నారు. వాటిలో కిందికి ఎన్ని దిగాయి? నేను చూసినంతలో మంచి అధికారి గొడుగులాంటివాడు. చాలామంది చూరు నీళ్లలా ఉంటారు, పైన పడింది పడినట్టు కిందివాళ్లమీదకు ధార కట్టిస్తారు. ఆ తడిసినవాళ్లు మీకు రాత్రి ఫోన్ చేయరు.

మూడో_షిఫ్టు
దిగాయి. దాదాపు అన్నీ దిగాయి.

తెల్లకోటు
మీరింత నిజం చెబుతున్నారు, ఇదే మీ బృందంతో చెప్పండి. మాకు కాదు.

హద్దురాయి
అందరి ముందు చెప్పాలి. అందరి ముందు అన్నారు కాబట్టి. అవమానం బహిరంగంగా చేసి, క్షమాపణ గదిలో చెబితే లెక్క సరిపోదు.

రమ_మాదాపూర్
హద్దురాయి గారితో ఏకీభవిస్తానని నేను అనుకోలేదు. పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

కొత్తచిగురు
ఒక జాగ్రత్త. క్షమాపణ చెప్పిన మర్నాడే అందరూ నోరు విప్పుతారని ఎదురుచూడకండి. మేం ముందు చిన్న సంగతితో పరీక్షిస్తాం. లైటు పోయిందనో, గ్లవ్స్ లేవనో చెప్పి చూస్తాం. దానికి మీరేం చేస్తారో చూశాకే పెద్ద సంగతి బయటికి వస్తుంది.

మూడో_షిఫ్టు
పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి, చెప్పడానికి ఏదైనా ఉన్నాక రాద్దామనుకున్నాను.

సరిహద్దు_ఇచ్ఛాపురం గారు చెప్పినట్టు ముందు గంజాం అబ్బాయితో మాట్లాడాను, వాళ్ల భాష వచ్చిన స్టోర్స్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. ఆ రాత్రి పదకొండున్నరకే కంప్రెసర్ చప్పుడు మారిందట. ఒంటిగంటకు కాదు, పదకొండున్నరకు! హెల్పరుతో చెప్పాడు. హెల్పరు "సార్ చూసుకుంటారులే" అన్నాడు. కెమిస్టు దాకా ఆ మాట రాలేదు. గంటన్నర ముందే తెలిసిన మనిషి నా బృందంలోనే ఉన్నాడు, నేను అతని పేరు కూడా సరిగా పలకడం లేదని ఆ రోజే తెలిసింది.

తర్వాత మూడు షిఫ్టుల్లోనూ, అందరి ముందు, పంపు సీలు సంగతి ఎత్తి, ఆ కెమిస్టుకు క్షమాపణ చెప్పాను. గొంతు తడబడింది. ఎవరూ ఏమీ అనలేదు. కెమిస్టు నేల చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక, చేసింది సరైన పనేనా అని రాత్రంతా అనుమానపడ్డాను.

గోడమీద ఇప్పుడు అంకెలున్నాయి, తెలుగులోనూ ఒడియాలోనూ హిందీలోనూ. అరగంటలో రియాక్టరు రెండు డిగ్రీలైనా దిగకపోతే ఫోన్. బ్రైన్ సున్నా దాటితే ఫోన్. ఏ యంత్రమైనా చప్పుడు మారితే, కారణం తెలియకపోయినా ఫోన్. ఈ మూడోదాన్ని చేర్చమన్నది గంజాం అబ్బాయే. షిఫ్టు మారేటప్పుడు "అర్థమైందా" మానేశాను. దిగిపోయేవాళ్లు చెబుతారు, ఎక్కేవాళ్లు తిరిగి చెబుతారు. మొదటి వారం 10 నిమిషాలు ఎక్కువ పట్టిందని పైనుంచి అడిగారు. ఆ ప్రశ్నను కిందికి పంపలేదు.

కొత్తచిగురు గారు చెప్పింది అక్షరాలా జరిగింది. మొదట వచ్చిన ఫిర్యాదు, రెండో అంతస్తులో మంచినీళ్ల కూలర్ పనిచేయడం లేదని. ఆ సాయంత్రానికే బాగుచేయించాను.

పెళ్లివంట గారి కథ కూడా చెప్పాను. ఇప్పుడు ముడిసరుకు వేయడం పూర్తికాగానే ఒకరు "పడింది!" అంటున్నారు, రెండోవారు "పడింది!" అంటున్నారు. నాణ్యతా విభాగంవాళ్లు అదేమిటని అడిగారు.

పెళ్లివంట
నా ఉప్పు ఫ్యాక్టరీదాకా వెళ్లిందని మా తమ్ముడికి చదివి వినిపించాను. రెండోసారి ఉప్పు వేసింది తనేనని రాసినందుకు అలిగాడు, ఇది విన్నాక మాట్లాడాడు.

హద్దురాయి
రోజుకు ఎన్ని ఫోన్లు వస్తున్నాయి? నిద్ర ఉంటోందా? గోడమీద మూడోది కొంచెం వదులుగా ఉంది. చప్పుడు మారిందంటూ ప్రతి రాత్రీ లేపుతారు. నెల తర్వాత మీకే విసుగు వస్తుంది, అప్పుడు మళ్లీ మొదటికి వస్తారు.

మూడో_షిఫ్టు
ఆ భయం నాకూ ఉంది. ఇంతవరకు రాత్రి వచ్చినవి మూడే. అందులో రెండింటికి నేను వెళ్లాల్సిన పని లేదు. ముందు మెకానిక్‌కు చెప్పి, అతడూ చూసి తేలకపోతే నాకు చెప్పేలా మార్చాలని ఉంది. కానీ ఇప్పుడే మారిస్తే ఫోన్ చేయవద్దన్నట్టు వినబడుతుందేమో. రెండు నెలలు ఇలాగే ఉంచుతాను.

పట్టాలమీద
ఉంచండి. మార్చేటప్పుడు కూడా వాళ్లనే అడిగి మార్చండి.

తెల్లకోటు
ఆ మూడో ఫోన్ ఎవరిది?

మూడో_షిఫ్టు
మొదటి టపాలో రాసిన కెమిస్టుదే. నిన్న రాత్రి 2:40కి. బ్రైన్ ఇంకా సున్నా దాటలేదు, మైనస్ 1 దగ్గర ఉంది, పెరుగుతోంది. "ఇప్పటికి హద్దులోనే ఉంది సార్, కానీ నాకు నమ్మకంగా లేదు. మీరు మెకానిక్‌తో ఒకసారి మాట్లాడాలి" అన్నాడు. మాట్లాడాను. వడపోత మూసుకుపోయిందట, శుభ్రం చేశారు, మూడున్నరకు మళ్లీ మైనస్ 8కి వచ్చింది. ఫోన్ చేసినందుకు థ్యాంక్స్ చెప్పాను.

ఆ అయిదు నిమిషాల్లో "క్షమించండి సార్, నిద్ర లేపాను" అని నాలుగుసార్లు అన్నాడు.

కొత్తచిగురు
నాలుగా? లెక్కపెట్టుకుంటూ ఉండండి. తర్వాతి ఫోన్‌లో ఎన్నిసార్లు అంటాడో ఇక్కడ రాయండి.